బావగారి గట్టు దగ్గర ఆగే ట్రాక్టరు

మా ఊళ్లో ఈ సంగతి ఇప్పటికి మూడు రకాలుగా తిరుగుతోంది. మా బావగారి దిష్టి తగిలి నా ట్రాక్టరు ఆగిపోయేదని ఒక రకం. పుస్తకాలు చదివి చదివి నేనే దాన్ని పాడుచేశానని రెండో రకం. నా భార్య చేత్తో ఇలా తాకగానే అది లేచి పరిగెత్తిందని మూడో రకం. టీ కొట్టు దగ్గర మొదటిదానికీ మూడోదానికీ గిరాకీ ఎక్కువ. నిజానికి దగ్గరగా ఉన్నది రెండోదే, అదీ సగమే. ఆ మిగతా సగం తెలిసిన వాణ్ణి నేను కాబట్టి, ఊళ్లో నాలుగో రకం పుట్టకముందే రాసిపెడుతున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. ఇది రాసి ఇమ్మని మా లైబ్రేరియన్ గారు నాకు శిక్ష వేశారు. ఆ శిక్ష ఎందుకు పడిందో వరసలో వస్తుంది. ప్రస్తుతం మిరపకాయ కల్లంలో ఎండుతోంది. టార్పాలిన్ పట్టల పక్కన కూర్చుని మేకల్ని అదిలించడం తప్ప పగలు నాకు వేరే పని లేదు. కాగితం మీద ఎర్రటి మరకలేవైనా కనిపిస్తే అవి కాయవే అనుకోండి.

నేను పదో తరగతిలో లెక్కలు తప్పి చదువు మానేశాను. ఆ తర్వాతే చదవడం మొదలుపెట్టాను. మండల కేంద్రంలో బస్టాండుకి ఎదురుగా లైబ్రరీ ఉంది. ఒక ఎండాకాలం అద్దంకి బస్సు కోసం ఎదురుచూస్తూ, అక్కడ ఫ్యాన్ తిరుగుతోందని లోపలికి వెళ్లాను. ఊరికే కూర్చుంటే బాగోదని ఒక పుస్తకం తెరిచాను. బస్సు వెళ్లిపోయింది. అప్పటినుంచి ఇరవై ఏళ్లుగా ఆ బీరువాలన్నీ ఒక వరసలో చదువుకుంటూ వస్తున్నాను. కంటి జబ్బుల గురించి చదివాను, నక్షత్రాల గురించి చదివాను, తేనెటీగల పెంపకం రెండుసార్లు చదివాను. ఈత నేర్చుకునే పద్ధతి మూడుసార్లు చదివాను. నాకు ఈత రాదు, కానీ చేతులు ఎక్కడ ఎలా తిప్పాలో ఎవరడిగినా చెప్పగలను.

చదవడమే కాదు, పుస్తకాలకి సేవ కూడా చేస్తాను. చిరిగిన పేజీ కనిపిస్తే ఇంటికి తెచ్చినప్పుడు సన్న కాగితం ముక్క వేసి అన్నం మెతుకులతో అతికించి, మీద రోకలి పెట్టి ఆరబెట్టి తిరిగిస్తాను. ఈ సంగతి లైబ్రేరియన్ గారికి ఎప్పుడూ చెప్పలేదు. చేసిన మంచి చెప్పుకోకూడదని నా ఉద్దేశం.

నిరుడు ఎద్దుల్ని అమ్మి మినీ ట్రాక్టరు కొన్నది కూడా చదువు వల్లే. నా భార్యకి అది ఇష్టం లేదు. ఆ ఎద్దులు ఆవిడ చేతి మీద పెరిగినవి. పైగా ఆవిడ అన్నగారు, అంటే మా బావ, ఒంగోలు జాతి ఎద్దుల్ని ఇప్పటికీ కట్టుకుని సేద్యం చేసే మనిషి. మా చేనూ ఆయన చేనూ పక్కపక్కనే, మధ్యలో ఒక గట్టు. డీజిల్ ఇంజన్ల మీద లైబ్రరీలో ఒక పాత పుస్తకం ఉంది. అట్ట ఊడిపోయింది కాబట్టి పేరు తెలియదు. అది ఇంటికి తెచ్చి వారం రోజులు అన్నం తినేటప్పుడు ఆవిడకి చదివి వినిపించాను. ఎనిమిదో రోజు ఆవిడ ఒప్పుకుంది. నేను చదవడం ఆపుతానని ఒప్పుకుందని తర్వాత తెలిసింది.

ఇక అసలు సంగతి. మొన్న దసరాకి బండికి పూజ చేశాం. ఆవిడ పసుపు ముద్ద కలిపి ఇచ్చింది, బండికి పూసే పని నాది. కొంచెం గడపకి ఉంచమని చెప్పింది. గడప దగ్గరికి వచ్చేసరికి గిన్నె ఖాళీ. అంత పసుపు ఎక్కడ పోసుకున్నారని ఆవిడ అడిగితే పెద్ద బండి కదా అన్నాను. పండగ మర్నాటినుంచి ముసురు పట్టింది. వారం రోజులు బండి కదల్లేదు.

మాది నల్లరేగడి. వాన వెలిశాక రెండు రోజులు కాలు పెట్టనివ్వదు, మోకాలి దాకా లాగేసుకుంటుంది. ఆ తర్వాత నాలుగు రోజులు మాత్రం నేల చెప్పినట్టు వింటుంది. దాన్నే పదును అంటాం. ఆ నాలుగు రోజుల్లో మిరప సాళ్ల మధ్య గుంటక తోలుకుంటే కలుపు చస్తుంది, మొక్క తేరుకుంటుంది. ఐదో రోజుకి నేల బిగుసుకుని నెర్రెలు ఇస్తుంది. అప్పుడు ట్రాక్టరు కాదు, రైలింజను తెచ్చినా గుంటక దిగదు. నాలుగెకరాల మిరప. నారు మా ఆవిడ పోసింది, నాటింది ఆవిడే కూలీలతో దగ్గరుండి. ఆ చేనంతా ఈ నాలుగు రోజుల మీద ఉంది.

మొదటి రోజు పొద్దున్నే గుంటక తగిలించుకుని వెళ్లాను. ముప్పావు గంట బాగా నడిచింది. తర్వాత ఇంజన్ గొంతు మారింది. గుర్రు పెట్టే మనిషికి ఊపిరి అందనట్టు రెండుసార్లు ఎగదీసి ఆగిపోయింది. ఆగింది కూడా సరిగ్గా బావ గట్టు పక్కన. బావ అవతల తన ఎద్దులతో తోలుకుంటున్నాడు. తల ఎత్తి చూశాడు. ఎద్దులు కూడా చూశాయి.

నేను కంగారుపడలేదు. బండి ఆగితే ఏం చేయాలో పుస్తకంలో పద్నాలుగు అంచెలుగా ఉంది, నేను నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాను. మొదటి అంచె, ట్యాంకులో డీజిల్ ఉందో లేదో చూడటం. మూత తీసి పత్తికట్టె ముంచి చూశాను. ఉంది. మూత పెట్టేశాను. రెండు, బ్యాటరీ తీగలు. మూడు, గాలి ఫిల్టరు. అలా ఒక్కొక్కటీ విప్పి, తుడిచి, బిగించి, పైపుల్లో గాలి చేరిందేమో అని నట్లు వదులు చేసి డీజిల్ కారనిచ్చి, పద్నాలుగూ పూర్తయ్యేసరికి గంటన్నర పట్టింది. స్టార్ట్ చేస్తే ఒక్క తిప్పుకే లేచింది. పద్నాలుగో అంచె సైలెన్సరు గొట్టంలో పిట్ట గూడు ఉందేమో చూడటం. గూడు లేదు. అయినా ఆ అంచె దగ్గర 'ఇదే కారణం కావచ్చు' అని నోటుబుక్కులో రాసుకున్నాను.

ముప్పావు గంటకి మళ్లీ ఆగింది. ఈసారి తొమ్మిదో అంచె దగ్గరే స్టార్ట్ చేసి చూస్తే లేచింది. తొమ్మిదో అంచె పక్కన గీత గీశాను. మూడోసారి ఆరో అంచెకే లేచింది. సాయంత్రానికి నా నోటుబుక్కులో మూడు వేర్వేరు కారణాలున్నాయి, మూడూ రుజువైనవే. గుంటక పడింది మాత్రం అర ఎకరం.

రెండో రోజు పొద్దున మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. మా ఊరి సెంటర్లో షెడ్డు ఉన్న సాయిబు. నేను భాయ్ అంటాను, ఆయన నన్ను అన్నా అంటాడు. తండ్రి దగ్గర పని నేర్చుకున్నాడు, పుస్తకం ముట్టుకోడు, ఇంజన్ శబ్దం విని జబ్బు చెబుతాడు. నేను నా నోటుబుక్కు తెరిచి చదవబోయాను. ఆయన నా చేతికి ఒక పానా ఇచ్చి పట్టుకోమన్నాడు. పానా పట్టుకుంటే నోటుబుక్కు పట్టుకోలేనని ఆయనకి తెలుసు.

వానకి ట్యాంకులోకి నీళ్లు దిగి ఉంటాయన్నాడు. నాకూ సబబుగా అనిపించింది. ట్యాంకు వంచి కడిగాడు, డీజిల్ ఫిల్టరు మార్చాడు, పైపులు ఊదాడు. ట్యాంకు మూత తీసి బల్ల మీద పెట్టి, ట్యాంకు నోటికి గుడ్డ కప్పి, ఇంజన్ స్టార్ట్ చేసి వదిలేశాడు. మధ్యాహ్నం నమాజుకి వెళ్లివచ్చాడు, అన్నం తిన్నాడు, ఇంకో రెండు బళ్లు చూశాడు. నా ట్రాక్టరు షెడ్డులో నిలబడి కూనిరాగం తీస్తూనే ఉంది. ఇంటి దగ్గర ఒళ్లు కాలిపోతున్న పిల్లాడు డాక్టరు గదిలోకి వెళ్లగానే చల్లబడిపోతాడే, అలా ఉంది దాని వాలకం.

"దీనికేం జబ్బు లేదన్నా," అన్నాడు. "జబ్బు నీ చేలో ఉంది."

ఆయన మామూలుగానే అన్నాడు. కానీ షెడ్డు ముందు బెంచీ మీద కూర్చున్న వాళ్లు ఆ మాట మోసుకుపోయారు. సాయంత్రానికి ఊళ్లో, నా బండి బావగారి గట్టు దగ్గర తప్ప ఇంకెక్కడా ఆగదని తేలిపోయింది. నా నోటుబుక్కు చూసుకుంటే నిజమే. మూడుసార్లూ ఆ గట్టుకి పది బారల లోపే. ప్రతి సాలుకీ బండి తిరిగేది ఆ గట్టు దగ్గరే కాబట్టి ఎప్పుడు ఆగినా దాని దాపునే ఆగుతుందన్న లెక్క నాకు అప్పుడు తట్టలేదు. లెక్కల్లో తప్పింది అందుకే కాబోలు.

వెళ్లేముందు భాయ్ ఇంకో సలహా ఇచ్చాడు. డీజిల్ అడుక్కి ఉంటే కుదుపులకి పైపు గాలి పీలుస్తుంది, ట్యాంకు నిండా పోసుకోమన్నాడు. మూడో రోజు నిండా పోసుకుని, మూత గట్టిగా బిగించి వెళ్లాను. ఇరవై నిమిషాలకే ఆగింది. అంచెలు పట్టుకుని లేపితే మళ్లీ ఇరవై నిమిషాలే, మధ్యాహ్నం దాకా ఇదే వరస. ముందు ముప్పావు గంట నడిచేది, కడుపు నిండా పెడితే అరగంట కూడా నడవలేదు. బండికి కూడా తిన్నాక కునుకు పడుతుందని పుస్తకంలో ఎక్కడా లేదు. నాకు మొదటిసారి భయం వేసింది. అంచెల వరస తప్పించి, మూత జోలికి పోకుండా, కోపంగా సెల్ఫ్ కొడుతూ కూర్చున్నాను. బ్యాటరీ దిగిపోయింది. దాన్ని విప్పి భుజాన వేసుకుని ఛార్జింగ్‌కి పట్టుకెళ్లి, అది ఎక్కేసరికి పొద్దు గుంకింది. ఆ రోజు లెక్క ఇంకో అర ఎకరం.

అంటే మూడు రోజులు గడిచి ఎకరం. మిగిలింది మూడెకరాలూ ఒక్క రోజూ.

ఆ రోజు అన్నం దగ్గర నేను డీజిల్ గురించి ఏదో మొదలుపెట్టబోతే మా ఆవిడ గరిటె కింద పెట్టింది. కోపంగా లేదు. కోపంగా ఉంటే నాకు ధైర్యంగా ఉండేది.

"అన్నయ్యకి రేపు మధ్యాహ్నానికి వాళ్ల చేను అయిపోతుంది. ఎద్దులు తోలుకొస్తానన్నాడు. వస్తే ఎకరమో ఎకరన్నరో అవుతుంది. మిగతా మిరప పోయినట్టే. రేపు పొద్దు తిరిగేలోపు మీ బండి నడిస్తే నడిచింది. లేకపోతే ఆ బండి ఇచ్చేసి ఎద్దుల్ని తెచ్చుకుందాం. ఇంకో మాట. ఆ పుస్తకాలు మళ్లీ ఈ గడప తొక్కకూడదు."

ఇరవై ఏళ్లలో ఆవిడ పుస్తకాల గురించి అలా అనడం అదే మొదలు. చేను గురించి దిగులు ఉంది, లైబ్రరీ గురించి దిగులు ఉంది. ఏ దిగులు ఎంతో చెప్పమంటే ఇప్పటికీ నేను చెప్పను.

నాలుగో రోజు ఆవిడ కూడా చేలోకి వచ్చింది. గట్టు మీద కూర్చుని గడ్డి పీకుతూ నన్నే చూస్తోంది. ఇరవై నిమిషాలకి బండి మామూలు చోట మామూలుగా ఎగదీసి ఆగింది. అవతల బావ ఎద్దుల్ని ఆపాడు.

"ఏం బావా, పలుపు తెంచుకుందా, పడుకుందా?" అన్నాడు.

పత్తికట్టె తీసుకుని దిగాను. మూత తిప్పాను. ఉస్సుమని శబ్దం వచ్చింది.

"ఆగండి," అంది ఆవిడ. "ఏంటా శబ్దం?"

డీజిల్ వేడెక్కితే ఆవిరి పుడుతుందని, మూత తీస్తే అది బయటికి పోతుందని చెప్పాను. ఆవిరి గురించి ఇంకా చాలా చెప్పేవాణ్ణి. ఆవిడ దగ్గరికి వచ్చి ట్యాంకు నోటి మీద అరచెయ్యి పెట్టి చూసి, బండి ఆగినప్పుడల్లా మొదట చేసే పని ఇదేనా అని అడిగింది. అవును, ఇది మొదటి అంచె, తర్వాత బ్యాటరీ తీగలు అన్నాను.

"తీగలు వద్దు. ఇక్కడే ఆపి స్టార్ట్ చేయండి."

అలా అంచెలు మధ్యలో వదిలేయడం పద్ధతి కాదని చెప్పాను. ఆవిడ చూసిన చూపుకి సీటెక్కి తాళం తిప్పాను. బండి లేచింది. ఏ తీగా తుడవలేదు, ఏ నట్టూ విప్పలేదు, పిట్ట గూడు కోసం గొట్టంలోకి చూడలేదు. మూడు రోజులుగా నేను మందు మొదటి అంచెలో వేసి, జబ్బు తగ్గిన ఘనత తొమ్మిదోదానికీ పద్నాలుగోదానికీ ఇస్తూ వచ్చాను.

అయినా నా మనసు ఒప్పుకోలేదు. మూత బిగించి మళ్లీ తోలాను. ఇరవై నిమిషాలకి ఆగింది. దిగి మూత తిప్పాను, ఉస్సుమంది. బిగించి స్టార్ట్ చేశాను, లేచింది. అప్పటికి బావ ఎద్దుల్ని వదిలేసి గట్టు దాటి వచ్చి ఆవిడ పక్కన నిలబడ్డాడు.

"నూనె డబ్బాకి ఒకే బొక్క పెడితే నూనె దిగుతుందా?" అంది ఆవిడ. నన్ను అడిగిందో వాళ్లన్నని అడిగిందో తెలియదు. "రెండు గ్లాసులు దిగి ఆగిపోతుంది. అటు మూల ఇంకో మేకు దించితే గాని ధార రాదు. లోపలికి గాలి వెళ్లాలి కదా. దీనికి ఎటునుంచి వెళుతోంది?"

బావ మూతని చూశాడు, నన్ను చూశాడు. నేను ఎద్దుల్ని చూశాను.

గాలి పీడనం గురించి నేను రెండు పుస్తకాలు చదివాను. ఒకదానిలో బొమ్మలు కూడా ఉన్నాయి. పదిహేను కిలోల నూనె డబ్బా ఇంట్లో ప్రతి రెండు నెలలకీ ఒకటి తెరుస్తాం. రెండో మేకు కొట్టేది ఎప్పుడూ నేనే. అయినా ఆ రెండూ నా తలలో ఎప్పుడూ ఎదురుపడలేదు. నిండా పోసిన రోజు ఎందుకు తొందరగా ఆగిందో కూడా అప్పుడే అర్థమైంది. లోపల ఖాళీ తక్కువ, ఉన్న కాస్త గాలి తొందరగా పలచబడిపోయేది. ఇంజన్ పీల్చినా డీజిల్ కదిలేది కాదు.

ఆవిడ క్యారేజీకి కట్టిన నూలు గుడ్డ విప్పి, రెండు మడతలు వేసి ట్యాంకు నోటికి కప్పి, పురికొసతో కట్టింది. మూత నా జేబులో వేసుకున్నాను. దుమ్ము పడుతుందేమో అని సణిగాను. పడితే ఫిల్టరు ఎందుకుంది అని బావ అన్నాడు. ఎద్దుల మనిషి నోట ఆ మాట వినాల్సి వచ్చింది.

ఆ గుడ్డతో బండి ఇక ఆగలేదు. గట్టు దగ్గరికి వచ్చిన ప్రతిసారీ నేను జేబులో మూత తడుముకునేవాణ్ణి, బండికి మాత్రం అలాంటి భయాలేమీ లేవు. మధ్యాహ్నం అన్నానికి కూడా దిగలేదు, ఆవిడ సాలు చివర నిలబడి ముద్దలు కలిపి అందించింది. బావ చెప్పినట్టే ఎద్దులు తోలుకొచ్చాడు. ఆయనకి పని మిగల్లేదని బాధపడతాడనుకున్నాను. ట్రాక్టరు తిరగలేని మూలలు నాలుగు చూపించి, ఇవి నీ వల్ల అయ్యేవి కాదు బావా అని, ఎద్దుల్ని దింపి తోలాడు. చీకటి పడే వేళకి నాలుగెకరాలూ అయ్యాయి. మర్నాడు మధ్యాహ్నానికే నేల పైన పెచ్చు కట్టింది.

కథ అక్కడితో ఆగితే ఊళ్లో తిరిగే మూడో రకమే నిజమయ్యేది. కానీ మూత నా జేబులో ఉంది.

ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటూ దాన్ని తీసి చూశాను. నడిమధ్యలో ఎర్రటి కుంకుమ బొట్టు. బొట్టు కింద పసుపు. పసుపు కింద ఏముందో నాకు చూడకుండానే తెలుసు. దసరా రోజు పసుపు పూస్తూ ఆ మూత మీద గుండుసూది దూరేంత బెజ్జం ఒకటి చూశాను. ఇంధనంలోకి దుమ్ము ఏ చిన్న సందునుంచీ పోకుండా చూసుకోవాలని పుస్తకంలో గట్టిగా రాసి ఉంది, నాకు పేజీతో సహా గుర్తు. ఇంత ఖరీదైన బండికి మూత మీద బెజ్జం వదిలేశారంటే చేసినవాళ్లు ఎంత అజాగ్రత్త మనుషులో అనుకున్నాను. గడపకి ఉంచమన్న పసుపంతా తీసి, అగ్గిపుల్లతో ఆ బెజ్జంలోకి కూరి, వేలితో అదిమి, బాగా కుదిరిందని తృప్తిపడి, పైన బొట్టు పెట్టాను. వారం రోజుల్లో అది ఎండి రాయిలా బిగుసుకుంది. వర్షం వల్లనో బావ వల్లనో ఆగిందనుకున్నాను గాని, నా వేలి వల్ల ఆగిందన్న అనుమానం ఆ నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా రాలేదు. నా పద్నాలుగు అంచెల్లో ఆ అంచె లేదు.

చెప్పకుండా కడిగేద్దామనే అనుకున్నాను. కిరసనాయిల్లో మూత నానేసి, పిన్నీసుతో గీకుతూ పెరట్లో కూర్చున్నాను. ఆవిడ వెనకనుంచి వచ్చి నిలబడింది. కిరసనాయిలు మీద పసుపు రేకలుగా తేలుతోంది.

"గడప పసుపు ఎటుపోయిందా అనుకున్నా," అంది.

అంతే. లోపలికెళ్లిపోయింది. నవ్వుతోందని వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగడం వల్ల తెలిసింది.

పుస్తకాల సంగతి ఏమిటని నేను అడగలేదు, ఆవిడా ఎత్తలేదు. కానీ ఆ డీజిల్ ఇంజన్ల పుస్తకాన్ని ఇంట్లో ఉంచుకోవడం నాకే మంచిదిగా తోచలేదు. మర్నాడు పట్టుకుని లైబ్రరీకి వెళ్లాను. లైబ్రేరియన్ గారు మితభాషి. ఈ పుస్తకంలో సగం సమాచారమే ఉందని, దుమ్ము పోనీయవద్దని చెప్పి మూత బెజ్జం గురించి ఒక్క మాట కూడా రాయలేదని, ఇలాంటి పుస్తకం రైతుల చేతికి ఇవ్వడం క్షేమం కాదని కొంచెం గట్టిగానే చెప్పాను. లైబ్రేరియన్ మేడమ్ పుస్తకం తీసుకుని పేజీలు తిప్పుతూ ఒకచోట బొటనవేలు ఆపారు.

"ఈ కాగితం ఇంత మందంగా ఉందేంటండీ?"

పేజీ సంఖ్యలు చూపించారు. నలభై అయిదు తర్వాత నలభై ఎనిమిది. బల్ల సొరుగులోంచి స్టీలు స్కేలు తీసి, అంచున మెల్లగా దూర్చి, కాగితం చిరగకుండా విప్పారు. మధ్యలోంచి ఎండిన అన్నం మెతుకులు నాలుగు బల్ల మీద రాలాయి. ఆవిడ వాటిని వేలితో పక్కకి జరిపి, లోపలి పేజీ మొదటి వాక్యం బయటికి చదివారు. మూత మీది సన్నని రంధ్రం గాలి కోసం పెట్టిందని, దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ మూయకూడదని, మూస్తే ఇంజను నడిచి నడిచి ఆగిపోతుందని అందులో ఉంది. రచయిత ఆ వాక్యం కింద గీత కూడా గీయించాడు.

అన్నం మెతుకులు ఎక్కడివని ఆవిడ అడిగారు. ఇరవై ఏళ్లుగా చెప్పుకోని మంచిపని అప్పుడు చెప్పుకోవాల్సి వచ్చింది. ఎన్ని పుస్తకాలకి చేశారన్నారు. నేను గోడకున్న బీరువాల వైపు చూశాను. అవి అయిదు.

జరిమానా రాసుకుంటారేమో అనుకున్నాను. అలా చేయలేదు. రెండు శిక్షలు వేశారు. వారానికి ఒక పూట వచ్చి, నేను అతికించిన పుస్తకాలన్నీ స్కేలుతో విప్పాలి. ఈ జరిగింది మొత్తం రాసి, ఈ పుస్తకంలో నలభై ఆరో పేజీ దగ్గర పెట్టాలి, తర్వాత చదివేవాళ్లకి ఉపయోగపడుతుంది. మొదటి శిక్ష జరుగుతోంది. ఈత పుస్తకంలో కూడా రెండు పేజీలు బయటపడ్డాయి, కాళ్ల గురించి. రెండో శిక్ష ఇదే.

సాయం చేసినవాళ్లందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పి ముగించడం పద్ధతి. కానీ ఎవరూ పేరు రాయనివ్వలేదు. మెకానిక్ భాయ్, అన్నీ విప్పి మూత ఒక్కటే చూడలేదని రాసేటట్టయితే నా పేరు వద్దన్నా అన్నాడు. ఆ రోజు పట్టుకోవడానికి ఇచ్చిన పానాకీ, ఈ సంగతి విన్నాక షెడ్డు ముందు బెంచీ మీద వాళ్లకి జబ్బు చేలో కాదు, మూతలో ఉందని మాట మార్చి చెప్పినందుకూ ఆయనకి కృతజ్ఞతలు. స్కేలు మెల్లగా దూర్చిన లైబ్రేరియన్ గారికి కృతజ్ఞతలు. తన దిష్టి కాదని ఇందులో సాక్ష్యంగా రాయమన్న బావకి, మూలలు తోలిపెట్టిన ఆయన ఎద్దులకీ కృతజ్ఞతలు. ఎద్దుల పేర్లు రాసినా ఎవరూ ఏమీ అనుకోరు గాని, మనుషుల్ని వదిలేసి వాటిని రాస్తే బావ మళ్లీ ఏదో ఒకటి అంటాడు.

చివరగా మా ఆవిడకి. ఇందాక కల్లానికి అన్నం తెచ్చినప్పుడు, కాయల మీద పట్ట ఒకవైపు కొంచెం ఎత్తి రాయి పెట్టింది. ఎందుకని అడిగితే లోపల ఆవిరి పట్టకుండా గాలి ఆడాలంది. నేను దుమ్ము గురించి ఏమీ అనలేదు. ఇంకో రాయి తెచ్చి రెండోవైపు పెట్టాను. పక్కన మూటలో సాయంత్రం లైబ్రరీకి తిరిగివ్వాల్సిన పుస్తకం ఉంది, నిన్న ఇంటి గడప దాటే లోపలికి వెళ్లింది. వెళ్లే ముందు గుమ్మంలోనే ఆవిడ దాన్ని నా చేతిలోంచి తీసుకుని, ఒక్కొక్క పేజీ వేళ్ల మధ్య నలిపి చూసి, తిరిగి ఇచ్చింది.